ముందు ఆ బంగళాకు తాళం వేయండి

పాడుబడ్డ బంగళా. కిర్రుమనే తలుపు. సెల్‌ఫోన్ టార్చి వెలుగులో ఓ అమ్మాయి. "హలో... ఎవరైనా ఉన్నారా?" వెనక ఓ నీడ అడ్డంగా పరిగెడుతుంది. నెట్‌లో ఉచితంగా దొరికే వయొలిన్ కేక ఒకటి చెవిలో గుచ్చుకుంటుంది. టైటిల్ పడుతుంది, అక్షరాల నుంచి నెత్తురు కారుతుంది. కాలేజీ పిల్లలు తీసిన షార్ట్ ఫిల్ములు చూసి మాట చెప్పే పని నెత్తిన పడ్డప్పటి నుంచి ఈ రెండు నిమిషాలను ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టడం మానేశాను. ఊళ్లు మారతాయి, నటీనటులు మారతారు. బంగళా మాత్రం మారదు.

తీసినవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. కెమెరా సంగతులు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. చిక్కల్లా ప్లానింగ్ అనే మాటకు వాళ్లు చెప్పుకునే అర్థంలో ఉంది. ఏ లొకేషన్, ఏ లెన్స్, ఎన్ని షాట్లు, రక్తానికి ఏం కలపాలి అని పేజీలకు పేజీలు రాసుకొస్తారు. ఏ సెకనులో ప్రేక్షకుడికి ఏం తెలియాలి, ఆ సెకనులో పాత్రకు ఏం తెలియకూడదు అన్న కాగితం ఒక్కటీ ఉండదు. హారర్ సినిమాల మొదళ్లను వరసగా తిరగేస్తే నాకు తోచింది ఇంతే: భయం పుట్టేది ఆ రాయని కాగితం మీద.

రెండు నిమిషాల కొలత నేను పెట్టింది కాదు. బ్రిటన్‌లో మన ఇంటర్ వయసు పిల్లలు చదివే మీడియా స్టడీస్‌లో ఓసీఆర్ బోర్డు చాలా ఏళ్లు ఇచ్చిన ప్రాజెక్టు అది. ఓ కొత్త కథాచిత్రానికి టైటిల్స్‌తో సహా ఓపెనింగ్ మాత్రం తీయాలి, రెండు నిమిషాలు దాటకూడదు, మిగతా సినిమా అక్కర్లేదు. మంచి పరీక్ష. ముగింపు చెప్పే బాధ్యత లేదు కాబట్టి ప్రశ్న సరిగ్గా అడగడం ఒక్కటే పని. మన మాస్ కమ్యూనికేషన్, విజువల్ కమ్యూనికేషన్ కోర్సుల్లో పిల్లలకు ఏకంగా పదిహేను నిమిషాల సినిమా అప్పగిస్తారు. వాళ్లు మొదలూ చివరా రెండూ చెడగొట్టుకొస్తారు.

సిద్ధాంతం సంగతి ముందు తేల్చేద్దాం, ఎక్కువసేపు పట్టదు. బల్ల కింద బాంబు గురించి హిచ్‌కాక్ ట్రూఫోకు చెప్పిన ఉదాహరణ సినిమా చదువుకునేవాళ్లందరికీ తెలుసు. బాంబు ఉన్నట్టుండి పేలితే పదిహేను సెకన్ల ఉలికిపాటు. బల్ల కింద బాంబుందని మనకు ముందే తెలిసి, కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నవాళ్లకు తెలియకపోతే పదిహేను నిమిషాల ఉత్కంఠ. ‘ది ఫిలాసఫీ ఆఫ్ హారర్’ (1990) రాసిన నోయెల్ క్యారల్ దీన్నే ఇంకో వైపు నుంచి చూశాడు: హారర్ కథ ప్రశ్నల మీద నడుస్తుంది, ఒక దృశ్యం అడిగిన ప్రశ్నకు జవాబు కోసం తర్వాతి దృశ్యాన్ని చూస్తాం. సమతుల్యత, దానికి భంగం, మళ్లీ కుదురుకోవడం అన్న తొదొరోవ్ సూత్రం పరీక్షల్లో మార్కులు తెస్తుంది. రెండు నిమిషాల ఓపెనింగ్‌కు దానితో పెద్ద పని పడదు. అంత చిన్న చోట సమతుల్యతను స్థాపించి, పడగొట్టి, ఊపిరి పీల్చుకోవడం ఎవరికి సాధ్యం?

ఇక సినిమాలు. అందరూ ఎత్తిచూపేది జాన్ కార్పెంటర్ ‘హాలోవీన్’ (1978). ఒకటే షాట్ అనిపించే సుమారు నాలుగు నిమిషాల రాత్రి దృశ్యం. మనం ఎవరి కళ్లతోనో చూస్తున్నాం, ఎవరివో తెలియదు. ఇంటి పక్కగా నడుస్తాం. కిటికీలోంచి ఓ జంట కనిపిస్తుంది. వాళ్లు పైకి వెళ్తారు, పైగదిలో దీపం ఆరుతుంది. వంటింట్లోకి వెళ్తాం, సొరుగు తెరుచుకుంటుంది, ఓ చెయ్యి కత్తి తీసుకుంటుంది. కుర్రవాడు చొక్కా తొడుక్కుంటూ మెట్లు దిగి వెళ్లిపోయేదాకా ఆగుతాం. తర్వాత మనం ఎక్కుతాం. కింద పడి ఉన్న మాస్కు పైకి లేస్తుంది, తెరంతా నల్లబడి రెండు కంటిరంధ్రాలు మిగులుతాయి. హత్య ఆ రంధ్రాల్లోంచే చూస్తాం. బయటికొచ్చాక కారు దిగిన తల్లిదండ్రులు మాస్కు లాగేస్తారు. విదూషకుడి దుస్తుల్లో ఆరేళ్ల పిల్లవాడు, పైన చచ్చిపోయిన అమ్మాయి తమ్ముడు.

దీని నుంచి పిల్లలు ఎత్తుకొచ్చేది పీఓవీ షాట్, అంటే పాత్ర కళ్లతో చూపించడం, ఒక్కటే. పొదల చాటు నుంచి ఊగే కెమెరా, గురకలాంటి ఊపిరి. కానీ పీఓవీ కార్పెంటర్ సొత్తేం కాదు. 1960లోనే మైకేల్ పవెల్ ‘పీపింగ్ టామ్’ను హంతకుడి చేతిలోని కెమెరా వ్యూఫైండర్‌లోంచి మొదలుపెట్టి, అప్పటి బ్రిటిష్ విమర్శకుల చేత నానా తిట్లూ తిన్నాడు. ‘హాలోవీన్’లో నన్ను పట్టుకునేది సొరుగు దగ్గరి చెయ్యి, ఆ తర్వాత కుర్రవాడి కోసం ఆగడం. ఆ ఆగడంలో మనకు తెలిసిపోతుంది, పైన అద్దం ముందు తల దువ్వుకుంటున్న అక్కకు తెలియదు. చివర్లో బయటపడేది అప్పటిదాకా మనం అడగడం మరిచిపోయిన ప్రశ్న: ఇంతకీ ఈ కళ్లు ఎవరివి? ఒకే షాట్‌లో రెండు రకాల తెలియకపోవడాలు. హంతకుడి కళ్లతో చూపిస్తే ప్రేక్షకుడు హంతకుడి పక్షం అయిపోతాడన్న వాదనను సినిమా పండితురాలు కెరోల్ క్లోవర్ 1992లో వచ్చిన తన పుస్తకంలో అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. కథ సాగేకొద్దీ మనం బతికి బయటపడే అమ్మాయి వైపు జరిగిపోతామంది. నా ఓటు ఆమెకే. ఎవరి కళ్లతో చూశామన్నదాని కంటే ఎవరికంటే ముందు చూశామన్నదే నిలబడుతుంది.

‘హాలోవీన్’ తయారీలో రెండు చిన్న సంగతులు పిల్లలకు తప్పక చెబుతాను. కథ ఇల్లినాయ్‌లో, అక్టోబరు చివర. షూటింగు కాలిఫోర్నియాలో, వసంతంలో. ఆకులకు రంగు వేసి వీధిలో చల్లి, షాటు అయ్యాక ఏరి సంచుల్లో నింపుకుని, తర్వాతి వీధిలో మళ్లీ చల్లారు. రెండోది, ఆ ఇల్లు. సౌత్ పసడీనాలో దొరికినప్పుడు అది నిజంగానే పాడుబడ్డ ఇల్లు, సినిమాలో చాలావరకు అలాగే కనిపిస్తుంది. ఓపెనింగ్ కోసం మాత్రం యూనిట్ అంతా కలిసి దాన్ని కడిగి, రంగు వేసి, సామాను సర్ది, కాపురమున్న ఇల్లుగా మార్చారు. మూడు లక్షల డాలర్ల చిల్లర బడ్జెట్‌లో, చేతిలో ఉన్న దెయ్యాలకొంపను శుభ్రం చేయడానికి కష్టపడ్డారన్నమాట. మనవాళ్లు శుభ్రంగా ఉన్న హాస్టల్ గదికి బూజు అంటిస్తారు.

జార్జ్ రొమేరో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) ఇంకా చవక, సుమారు 1,14,000 డాలర్లు. నలుపు తెలుపు, పగటి వెలుతురు. ఖాళీ పల్లెదారి వెంట ఒక కారు శ్మశానంలోకి వస్తుంది. అన్నాచెల్లెళ్లు తండ్రి సమాధి మీద పూలు పెట్టడానికొచ్చారు. ఇంత దూరం కారు నడపాల్సి వచ్చిందని అన్న విసుగు. వాళ్ల గొడవ సాగుతుండగా ఫ్రేములో వెనక, బాగా దూరంగా, ఓ మనిషి తూలుతూ నడుస్తుంటాడు. కెమెరా అతణ్ని పట్టించుకోదు, సంగీతం పట్టించుకోదు. అన్న అయితే అతణ్ని అడ్డం పెట్టుకుని చెల్లెల్ని ఆటపట్టిస్తాడు. మొదటిసారి చూసినప్పుడు నేనూ పట్టించుకోలేదు, ఎవరో దారినపోయేవాడనుకున్నాను. విద్యార్థికి అందుబాటులో ఉన్న ఓపెనింగ్ అంటే నా దృష్టిలో ఇదే. ఒక కారు, ఇద్దరు మనుషులు, దూరంగా ఒక్కడు. లైట్లు అక్కర్లేదు. ఫోకస్ లోతుగా ఉంటే చాలు, అది ఫోన్ కెమెరాకు పుట్టుకతోనే ఉంది. డీఎస్‌ఎల్‌ఆర్ మోజులో వెనకంతా అలికేసినట్టు తీసేవాళ్లు ఆ దూరపు మనిషిని ఎక్కడ నిలబెడతారు?

మొదట్లోనే ఒకరిని చంపేసే పద్ధతి ఉంది. ‘జాస్’ (1975), ‘స్క్రీమ్’ (1996) దానికి గొప్ప ఉదాహరణలు. ‘స్క్రీమ్’ ఓపెనింగ్ పన్నెండు నిమిషాల పైమాటే. అందులో ఎక్కువ భాగం ఓ అమ్మాయి పాప్‌కార్న్ వేయించుకుంటూ ఫోన్‌లో మాట్లాడటం. ఆ కబుర్ల వల్లే ఆమె చావు మనకు తగులుతుంది. రెండు నిమిషాల్లో పరిచయమై రెండు నిమిషాల్లో చచ్చిపోయే మనిషి మీద ఎవరికీ జాలి కలగదు. పైగా చావును నటించడం చాలా కష్టం. తోటి విద్యార్థి గొంతు పట్టుకుని కిందపడుతుంటే హాల్లో కూర్చున్న క్లాసంతా నవ్వుతుంది. విద్యార్థులకు ఈ దారి వద్దనే చెబుతాను.

అక్షరాలతో మొదలుపెట్టడం అన్నిటికంటే చవక, అందుకే జనం చిన్నచూపు చూస్తారు. ‘ది టెక్సాస్ చైన్‌సా మాసకర్’ (1974) గంభీరంగా చదివే పాఠంతో మొదలై చీకట్లోకి పోతుంది. చీకట్లో తవ్వుతున్న చప్పుళ్లు. కెమెరా ఫ్లాష్ కీచుమని వెలిగినప్పుడల్లా కుళ్లిన శరీరంలో ఓ ముక్క కనబడి మాయం. తర్వాత ఎర్రటి ఎండలో సమాధి మీద కూర్చోబెట్టిన శవం, పైన రేడియో వార్తలు. లెక్కేస్తే అక్కడున్నవి ఒక గొంతు, ఒక చీకటి గది, ఒక ఫ్లాష్. ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) అయితే ఒకే ఒక్క కార్డుతో పని కానిచ్చింది: ముగ్గురు విద్యార్థులు డాక్యుమెంటరీ తీయడానికి అడవిలోకెళ్లి మాయమయ్యారు, ఏడాది తర్వాత వాళ్ల ఫుటేజీ దొరికింది. తీసినవాళ్లిద్దరూ సెంట్రల్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సినిమా చదువుకున్నవాళ్లే. ఆ కార్డు చదివాక తెర మీద నవ్వుతున్న ప్రతి మొహమూ మనకు పోయినవాళ్ల మొహమే. హిచ్‌కాక్ బాంబును రెండు వాక్యాల్లో పెట్టేశారు.

మన దగ్గరికొస్తే, తెలుగు హారర్‌కు రెండు ఇళ్లున్నాయి. ఒకటి కోట. ‘అరుంధతి’ (2009)లోని గద్వాల కోట లాంటిది, దానికి డబ్బు కావాలి. రెండోది అద్దెకొంప. రాంగోపాల్ వర్మ ‘రాత్రి’ (1992)లో దెయ్యం మధ్యతరగతి కుటుంబం కొత్తగా చేరిన మామూలు ఇంట్లోకి వచ్చింది. ‘శివ’ (1989)లో రౌడీల వెంట పరుగెత్తిన స్టెడీకామ్ ఇక్కడ మనిషి కానిదాని నడక అయింది. రవిబాబు ‘అవును’ (2012) ఇంకో అడుగు వేసి, కొత్తగా కట్టిన ఇంట్లో కొత్త దంపతులను పెట్టింది. విద్యార్థికి వారసత్వంగా దక్కేది ఈ రెండో ఇల్లు. అయినా అందరికీ కోట మీదే మనసు.

పూర్వకథతో మొదలుపెట్టడం మనవాళ్లకు బాగా అలవాటైన దారి. ‘విరూపాక్ష’ (2023) 1979లో రుద్రవనం అనే ఊళ్లో, చేతబడి నెపంతో ఓ జంటను ఊరివాళ్లు సజీవంగా తగలబెట్టడంతో మొదలవుతుంది. చచ్చిపోతూ ఆమె పెట్టే శాపానికి పుష్కరకాలం గడువు ఉంటుంది. ఆ గడువు నాకు నచ్చింది. పన్నెండేళ్ల లెక్క తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. గోదావరికి, కృష్ణకు వెళ్లొచ్చినవాళ్లందరి ఒంట్లో ఆ గడియారం ఉంది. తర్వాత తెర మీద 1991 అని పడగానే లోపల ఏదో గంట మోగుతుంది. అయితే ఈ దారి విద్యార్థులకు ఖరీదైనది. పాత కాలం అంటే దుస్తులు, గుడిసెలు, కాగడాలు, జనం. ఆ ఖర్చు పక్కనపెట్టి గడువు ఒక్కటే తీసుకోవచ్చు కదా. గోడ మీద ఓ క్యాలెండరు, అందులో ఎర్ర సిరాతో చుట్టిన ఒక తేదీ.

ఇక చేతిపని. ఇందులో రెండు విషయాల మీదే నా గోల. చప్పుడు, దీపం. మిగతా చిట్కాలు ఎవరైనా చెబుతారు. రక్తానికి పంచదార పాకం, ఫుడ్ కలర్, రంగు మరీ గులాబీ కాకుండా చిటికెడు కాఫీపొడి. రొమేరో నలుపు తెలుపు సినిమాలో వాడింది చాక్లెట్ సిరప్.

దీపం. మన కరెంటు 50 హెర్ట్‌జ్. ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు వెలుగు తగ్గి పెరుగుతుంది. ఫోన్‌ను దాని మానాన వదిలేస్తే 30 ఫ్రేముల లెక్కలో తీస్తుంది. షట్టరు 1/60 దగ్గర ఉంటే తెర మీద నల్లటి చారలు పైకీ కిందకీ పాకుతాయి. షట్టరు 1/50 దగ్గరో 1/100 దగ్గరో బిగించి, 25 ఫ్రేముల్లో తీస్తే అవి పోతాయి. ఇది తెలియక చదువుకునే రోజుల్లో మేం ఓ రాత్రంతా తీసిన ఫుటేజీ పారేసుకున్నాం. ఆ చారలు దెయ్యం పనేనని ప్రొఫెసరుకు నచ్చజెప్పాలని చూశాం కూడా. ఇంకో మాట. చీకటి చూపించాలంటే వెలుగు కావాలి. ఫ్రేములో ఎక్కడా దీపం లేకపోతే కెమెరా ఐఎస్ఓ పెంచేసుకుంటుంది, నలుపు కాస్తా బూడిదరంగు పురుగుల్లా మెదులుతుంది. గది చివర ఒక జీరోవాట్ బల్బు వెలుగుతుంటే మిగతాదంతా నిజమైన నలుపు. పూజగది దీపం, టీవీ వెలుతురు, పక్కింటి వరండా లైటు, ఏదో ఒకటి కథలోనే ఉండాలి.

చప్పుడు. ‘హాలోవీన్’ సంగీతం లేని ప్రతిని చూసిన ఓ స్టూడియో అధికారిణి తనకేం భయం వేయలేదందని కార్పెంటరే చెప్పుకున్నాడు. తర్వాత సంగీతం ఆయనే కట్టాడు. పియానో మీద అయిదు లెక్కల ఆవర్తం, చిన్నప్పుడు తండ్రి నేర్పిన లయ. మన సంగీతం తెలిసినవాళ్లకు ఖండ నడక గుర్తొస్తుంది. నాలుగు దగ్గర ముగుస్తుందనుకున్న చెవికి ఇంకో దెబ్బ మిగిలి ఉంటుంది. ఇది విని పిల్లలు కీబోర్డు దగ్గరికి పరిగెడతారు. ముందు వెళ్లాల్సింది లొకేషన్‌కు, అదీ ఏ గంటలో షూట్ చేస్తారో ఆ గంటకే. పగలు రెక్కీ చేసి రాత్రి షూటింగుకు వెళ్తే పక్కింటి బోరు మోటారు, వీధి చివర ఫంక్షన్ హాలు, పదకొండింటి గూడ్సు బండి అక్కడ మీ కోసం ఎదురుచూస్తుంటాయి. షాటు ముందు ఫ్యాన్ ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపినవాడు తన బండి తాళాలు అందులో పెట్టాలి, లేకపోతే దాన్ని మళ్లీ వేయడం మరిచిపోయి ఇంటివాళ్ల పాలన్నీ విరగ్గొట్టి వెళ్తాడు. ప్యాకప్‌కు ముందు అందరూ కదలకుండా నిలబడి ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు రికార్డు చేసుకోవాలి. ప్రతి గదికీ తనదైన నిశ్శబ్దం ఉంటుంది. ఎడిటింగులో ఆ ట్రాకును ఒక్క క్షణం తీసేస్తే ఏమైందో తెలియకుండానే చూసేవాడి మెడ నిక్కుతుంది. ఏ వయొలిన్ కేకా ఆ పని చేయలేదు.

ఇవన్నీ చెప్పి ఊరుకుంటే ఎవరూ నమ్మరు. అందుకే ఈమధ్య ఓ నలుగురు పిల్లలతో కూర్చుని రెండు నిమిషాలు ప్లాన్ చేశాం. వాళ్ల మొదటి డ్రాఫ్టులో బంగళా ఉంది. దానికి తాళం వేయించాను. మీ వీధిలో మీరు నిజంగా భయపడిందేమిటని అడిగితే ఒకమ్మాయి, చిన్నప్పుడు వాళ్ల నానమ్మ గుమ్మం పక్కన గోడ మీద రాసిన అక్షరాల సంగతి చెప్పింది. ‘ఓ స్త్రీ రేపు రా.’ రాత్రిళ్లు తలుపు తట్టే దెయ్యం అది చదువుకుని తిరిగి వెళ్తుంది, మర్నాడూ చదువుకుంటుంది, మర్నాడూ వెళ్తుంది. చాలా ఊళ్లలో రాశారు, దాని మీద సినిమాలూ వచ్చాయి. మేం ఆ దెయ్యాన్ని చూపించదల్చుకోలేదు. ఆ వాక్యంలో ఒక్క మాట తీసేస్తే ఏమవుతుందో చూద్దామనుకున్నాం.

సందె వేళ. ఓ పిల్లవాడు చీపురుపుల్లను గోడలకు ఆనించి గీస్తూ నడుస్తుంటాడు. కెమెరా వాడి ఎత్తులో, వాడి వెనకే. కర్ర్‌ర్‌ర్ మని పుల్ల చప్పుడు, మధ్యలో తలుపు వచ్చిన చోట ఆగి, మళ్లీ గోడ. ప్రతి గుమ్మం పక్కనా జాజుతో రాసిన అదే నాలుగు మాటల వరస. మొదటి ఇంటి దగ్గర చదువుతాం, రెండో ఇంటి దగ్గర గుర్తుపడతాం, మూడో ఇంటి దగ్గర చూడటం మానేస్తాం. అయిదో ఇంటికి ఎవరో అద్దె కాగితం అంటించారు. టు-లెట్. సరిగ్గా మూడో మాట మీద. కాగితానికి ఎడమవైపు ‘ఓ స్త్రీ’, కుడివైపు ‘రా’. పుల్ల చప్పుడు ఆ కాగితం మీద నుంచి పోతున్నప్పుడు ఒక్కసారి మెత్తబడుతుంది. పిల్లవాడు ఆగడు, చూడడు. కెమెరా ఒక్కటే ఆగుతుంది. లోపల ఎవరో సామాను సర్దుకుంటున్నారు, స్టీలు గిన్నెల చప్పుడు, ఆడగొంతు ఫోన్‌లో ఎవరికో చెబుతోంది: "చేరిపోయాం అత్తయ్యా. ఇల్లు బాగుంది. వీధిలో అందరూ మంచోళ్లలాగే ఉన్నారు."

అక్కడ పెద్ద గొడవ జరిగింది. తలుపు తట్టిన చప్పుడు పెట్టాల్సిందేనని ఇద్దరు. వద్దని ఒకమ్మాయి. నాలుగోవాడు గాలికి కాగితం రెపరెపలాడాలన్నాడు. దానికీ ఒప్పుకోలేదు, కింద ఉన్న మాట కనబడితే బాంబు తీసేసినట్టే. తట్టడం కూడా వద్దనుకున్నాం. గిన్నెల చప్పుడు సాగుతుండగా పుల్ల చప్పుడు దూరమవుతుంది, అంతే.

తీసేటప్పుడు ముందు సుద్దముక్కతో రాశారు. కాగితం అంటించడానికి ఉడికించిన మైదా బంక తడికి సుద్ద కారిపోయి ‘స్త్రీ’ కాస్తా తెల్లటి మరకైంది. అందుకే జాజు. పుల్ల చప్పుడు వీధిలో బాగా రాలేదు. ఆదివారం పొద్దున ఫోన్ రికార్డరుతో వాళ్ల మేడ మెట్ల గోడ మీద విడిగా తీసుకున్నారు. మిగిలిన ప్రశ్న టైటిల్ ఎక్కడ, ఏమని. సినిమాకు అప్పటిదాకా పేరు లేదు. గిన్నెల చప్పుడు తెగిపోయి తెర నల్లబడ్డాక, నెత్తురూ మెరుపులూ లేకుండా, గోడ మీదున్న అదే చేతిరాతతో, అదే జాజు రంగుతో, కాగితం కింద ఉండిపోయిన ఆ ఒక్క మాట వేశాం: ‘రేపు’.